జీను వీపుకు కుదిరిందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ వెస్టర్న్ జీను, అంటే అమెరికాలో పశువుల కాపరులు వాడే కొమ్మున్న జీను, చుట్టూనే తిరిగాయి. జవాబుల్లో కొన్ని పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి వాటిని ముందే చెప్పేస్తాం. జీను మీది తోలంతా వలిచేస్తే లోపల మిగిలే చట్రం ట్రీ. వెన్నెముకకు అటొకటి ఇటొకటి పరుచుకునే రెండు పొడవాటి పలకలు బార్లు. ముందు వైపు వాటిని కలిపే వంతెన ఫోర్క్, దాని మీది కొమ్ము హార్న్, వెనక లేచిన గట్టు క్యాంటిల్. ఫోర్క్ కింద బార్ల మధ్య ఖాళీ గల్లెట్. వీపు పక్కల మీదికి దిగే పెద్ద తోలు స్కర్ట్, రౌతు కాలి పక్కన వేలాడే వెడల్పాటి తోలు ఫెండర్, దాని చివర రికాబు. పొట్ట కింద బిగించే పట్టీ సించ్. దాన్ని జీనుకు తగిలించే రింగుల ఏర్పాటు రిగ్గింగ్. గుర్రం మీద బరువు మోపేది మాత్రం బార్లే.

ప్రశ్న: మా గుర్రం వీపు వెడల్పుగా ఉంటుంది. ‘ఫుల్ క్వార్టర్ హార్స్ బార్స్, గల్లెట్ 7 అంగుళాలు’ అని రాసి ఉంటే చూసి కొన్నాను. తీరా ఎక్కి చూస్తే జీను ముందుకు జారుతోంది, మోచేతి వెనక సించ్ ఒరుసుకుని వెంట్రుకలు ఊడుతున్నాయి. గల్లెట్ ఇంకా పెద్దది తీసుకోవాలా?

జవాబు: ఇంకా పెద్దది కొనే ముందు ఆగండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇప్పుడున్నదే ఎక్కువ వెడల్పై ఉండొచ్చు, లేదా జీనును మరీ ముందుకు వేస్తూ ఉండొచ్చు. ముందు ఆ అంకె సంగతి చూద్దాం. క్వార్టర్ హార్స్ అనేది ఒక గుర్రపు జాతి, దాని పేరుతోనే వెడల్పులు చెబుతారు. సెమీ క్వార్టర్ అంటే సుమారు 6.5 అంగుళాలు, ఫుల్ క్వార్టర్ అంటే 7, భారీ జాతులకు 8 అనేది వాడుకలో ఉన్న లెక్క. దీనికి అందరూ పాటించే ప్రమాణం లేదు. ఒక తయారీదారు కొలిచిన చోట ఇంకొకరు కొలవరు. ఒకరి 7 అంగుళాల జీను పక్కన ఇంకొకరి 7 అంగుళాల జీను పెడితే తేడా కంటికే కనిపిస్తుంది.

పోనీ కొలత నిజమే అనుకున్నా, వెడల్పు ఒక్కటే కుదిరితే చాలదు. రెండు ఇళ్ళ గోడల మధ్య దూరం ఒకటే అయినా, ఒక కప్పు నిటారుగా, ఒకటి బల్లపరుపుగా ఉంటే దీని కప్పు తీసి దాని మీద పెట్టగలమా? బార్లదీ అదే లెక్క. వాటి వాలు గుర్రం మూపు పక్కల వాలుతో కలవాలి. పొడవునా ఉండే వంపు వీపు పల్లంతో కలవాలి. ముందు నిటారుగా మొదలై వెనక్కి పోయేకొద్దీ చదునయ్యే మెలిక వీపు మెలికతో కలవాలి. ముందు కొసలు కాస్త బయటికి విచ్చుకుని ఉండాలి, లేకపోతే భుజం కదిలిన ప్రతిసారీ పొడుస్తాయి. గల్లెట్ అంకె ఈ నాలుగింటిలో ఒక్కదాని గురించీ చెప్పదు.

ఇక పరీక్ష. గుర్రాన్ని సమతలం మీద, నాలుగు కాళ్ళ మీద సమంగా బరువు పడేలా నిలబెట్టండి, తల మామూలు ఎత్తులో ఉండాలి. ప్యాడ్, అంటే జీను కింద పరిచే మెత్త, వేయకుండా ఉత్తి వీపు మీద జీను పెట్టండి. మూపు మీద కావాలనే రెండంగుళాలు ముందుకు పెట్టి, హార్న్ పట్టుకుని కొద్దిగా ఆడిస్తూ వెనక్కి లాగండి. ఒకచోట అదే ఆగిపోతుంది. ఆ చోటే దాని చోటు. భుజపలక వెనక అంచును వేళ్ళతో తడిమి చూస్తే బార్ ముందు కొస దానికి రెండు మూడు వేళ్ళు వెనక ఉండాలి. స్కర్ట్ తోలు భుజం మీదికి వచ్చినా ఫరవాలేదు, బార్ రాకూడదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది: స్కర్ట్ బార్‌ను కప్పేస్తుంది కాబట్టి కంటికి జీను ముందుకు ఉంటేనే సరిగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. చాలా జీనుల్లో ముందు వైపు తోలును ట్రీకి బిగించే మర, దాని మీది గుండ్రటి బిళ్ళ, బార్ కొసకు దగ్గర్లోనే ఉంటాయి. దాన్ని గుర్తుగా పెట్టుకోండి.

ఇప్పుడు ఫోర్క్ కింద చెయ్యి నిలువుగా దూర్చండి. మూపుకీ గల్లెట్‌కీ మధ్య రెండు నుంచి మూడు వేళ్ళు పట్టాలి. ఒక వేలే పట్టి, క్యాంటిల్ ఎత్తుగా, జీను ముక్కు నేలకు వేసినట్టు కనిపిస్తే బార్లు ఈ గుర్రానికి వెడల్పు ఎక్కువ. నాలుగైదు వేళ్ళు పట్టి, ముందు భాగం ఎత్తుగా కూర్చుని రౌతు వెనక్కి ఒరిగేలా ఉంటే ఇరుకు. సీటు మీద గోళీ వదిలి చూడండి. మధ్యకు దగ్గరగా ఆగితే మంచిదే, క్యాంటిల్ మూలకో ఫోర్క్ మొదలుకో పరుగెత్తితే జీను వాలిపోయి ఉందని అర్థం.

ఆ తర్వాత అరచేయి వీపుకు ఆనించి, బార్ కింద ముందు నుంచి వెనక దాకా నెమ్మదిగా పోనివ్వండి. ఒత్తిడి అంతటా ఒకేలా తగలాలి. ముందూ వెనకా చెయ్యి నలిగి మధ్యలో వదులైతే దాన్ని బ్రిడ్జింగ్ అంటారు: బరువంతా నాలుగు మూలల మీదే పడుతోందన్నమాట. నడకలో గుర్రం వీపు కాస్త పైకి లేస్తుంది కాబట్టి మధ్యలో ఒత్తిడి కొద్దిగా తేలికైతే తప్పు కాదు. వేలు ఆడేంత ఖాళీ ఉంటే తప్పే. దీనికి తలకిందులు రాకింగ్: మధ్యలో గట్టిగా నొక్కి, కొసలు లేచి, కుంటి కుర్చీలా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. చివరగా, ఎవరినైనా గుర్రం ముందు కాలు ఎత్తి ముందుకు చాపమనండి. మీ వేళ్ళు బార్ కొసకీ భుజానికీ మధ్య ఉంచండి. కాలు ముందుకు చాచినప్పుడు భుజపలక పై భాగం వెనక్కి తిరుగుతుంది. అప్పుడు వేళ్ళు చితికినంత పనైతే రోజూ గుర్రానికి జరుగుతున్నది అదే.

సించ్ ఒరుపు సంగతి: జీనును భుజం మీదికి వేస్తే సించ్ కూడా ముందుకొచ్చి మోచేతిని రాస్తుంది. సరైన చోట అది మోచేతికి సుమారు నాలుగు వేళ్ళు వెనక పడాలి. జీను సరిగ్గా వేశాక కూడా ఒరుసుకుంటే రిగ్గింగ్ చూడండి. రింగు ఫోర్క్‌కు సూటిగా కింద ఉంటే ఫుల్, కాస్త వెనక ఉంటే ఏడు బై ఎనిమిది, ఇంకాస్త వెనక ఉంటే మూడు బై నాలుగు అంటారు. పొట్ట కింద సించ్ సహజంగా కుదురుకునే పల్లం కొన్ని గుర్రాలకు ముందుకు, కొన్నింటికి వెనక్కు ఉంటుంది. రింగు ఆ పల్లానికి వెనక ఉంటే సించ్ ముందుకు పోయి కుదురుకుంటూ జీనును తనతో లాక్కుపోతుంది.

ప్రశ్న: జీను తీశాక వీపు మీద చెమట మధ్యలో పొడి మచ్చలు కనిపిస్తున్నాయి. మూపుకు ఎడమ పక్క కొన్ని తెల్ల వెంట్రుకలు కూడా ఉన్నాయి. అంటే ఈ జీను పనికిరాదనా?

జవాబు: తెల్ల వెంట్రుకలు పాత కథ చెబుతాయి. బలమైన ఒత్తిడికి వెంట్రుక కుదుళ్ళలో రంగునిచ్చే కణాలు దెబ్బతింటే ఆ తర్వాత మొలిచేవి తెల్లగా వస్తాయి. ఆ దెబ్బ ఇప్పటి జీనుదో, దానికి ముందుదో వాటిని చూసి చెప్పలేం. అందుకే ఇవాళ ఫొటో తీసి ఉంచండి. రెండు మూడు నెలల తర్వాత మచ్చ పెద్దదైతే నింద ఇప్పటి జీనుదే.

పొడి మచ్చకు రెండు కారణాలు ఉండొచ్చు, అవి ఒకదానికొకటి ఎదురు. అక్కడ బార్ గట్టిగా నొక్కి చెమట గ్రంథులు పని చేయకపోయి ఉండొచ్చు, లేదా అక్కడ బార్ అసలు తగలక గాలి ఆడి ఉండొచ్చు. వెన్నెముక పొడవునా పొడి చార ఉంటే బెంగ అక్కర్లేదు, అది గల్లెట్ సందు. బార్ల కింద, ముఖ్యంగా మూపు పక్కన అరచేతి కన్నా చిన్నదిగా, అంచులు తెగినట్టు ఉన్న పొడి మచ్చను అనుమానించాలి. అక్కడ వెంట్రుకలు అణిగి గట్టిగా అంటుకుని ఉంటే ఒత్తిడి. మామూలుగా నిగారిస్తూ ఉంటే ఖాళీ. జీను తీసిన అరగంట తర్వాత మళ్ళీ వెళ్ళి వేళ్ళ కొసలతో రెండు పక్కలా సమానంగా నొక్కుతూ నడుము దాకా తడమండి. ఒకచోట వాపు తగిలినా, కండరం బిగుసుకుని గుర్రం వీపు కిందికి కుంగించినా, తోక విసిరినా, చెవులు వెనక్కి పెట్టినా అక్కడ నొప్పి ఉన్నట్టే. ఒక్క రోజు చెమట చూసి తీర్పు చెప్పకండి. కనీసం అరగంట సవారీ చేసి, బాగా చెమట పట్టిన మూడు నాలుగు రోజులు చూస్తే ఒకే చోట మచ్చ పడుతోందా, మారుతోందా తెలుస్తుంది.

మచ్చ ఎడమ పక్కనే ఉందన్నారు. చాలా గుర్రాలకు ఒక భుజం రెండోదాని కన్నా పెద్దది. వెనక నుంచి స్టూలు ఎక్కి, వీపు మీదుగా ముందుకు చూడండి. పెద్ద భుజం పక్కకు పొంగి కనిపిస్తుంది. జీనును ఎప్పుడూ పెద్ద భుజానికి సరిపోయేలా ఎంచుకుని, చిన్న భుజం పక్క ప్యాడ్ లోపల పలచటి షిమ్, అంటే ఎత్తు నింపే చిన్న మెత్త ముక్క, పెట్టి నింపాలి. చిన్న భుజానికి కుదిర్చి కొంటే పెద్ద భుజం రోజూ నలుగుతుంది.

ప్రశ్న: జీను మూపు మీద కొంచెం బిగుతుగా ఉంది. మందం ప్యాడ్ వేస్తే మెత్తగా ఉంటుందని ఒకరు, రెండు ప్యాడ్లు వేయమని ఇంకొకరు చెప్పారు.

జవాబు: ఇద్దరి మాటా వినకండి. బిగుతు చెప్పులో మందం మేజోళ్ళు తొడిగితే పాదం ఏమవుతుంది? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, బిగుతుకు ప్యాడ్ వేస్తే బిగుతు ఇంకా పెరుగుతుంది. పైగా జీను ఎత్తు పెరిగి పక్కకు దొర్లుతుంది. దొర్లకుండా సించ్ ఇంకా గట్టిగా లాగుతారు, దాంతో ఒత్తిడి రెట్టింపవుతుంది. వెడల్పు జీనును ప్యాడ్‌తో కొంతవరకు సర్దుకోవచ్చు. ఇరుకు జీనును ఏ ప్యాడూ వెడల్పు చేయలేదు. రెంటిలో ఒకటే దొరుకుతుందనుకుంటే కొద్దిగా వెడల్పుదే మేలు.

సరిగ్గా కుదిరిన జీనుకు ముప్పావు అంగుళం నుంచి అంగుళం మందం ఉన్న ఉన్ని ఫెల్ట్ ప్యాడ్ చాలు. వెన్ను వంపుకు తగ్గట్టు కోసి కుట్టినదైతే, మూపు దగ్గర కోత ఉన్నదైతే ఇంకా మంచిది. ప్యాడ్ స్కర్ట్‌కు ముందూ వెనకా ఒక అంగుళం, రెండంగుళాలు బయటికి కనిపించాలి. ప్యాడ్ అంచు స్కర్ట్ కింద పడితే గీత పడ్డట్టు నొక్కుతుంది. వేసే పద్ధతి కూడా ముఖ్యం: కాస్త ముందుకు వేసి వెనక్కి జరపండి, వెంట్రుకలు వాటి వాటం మీద పడుకుంటాయి. జీను పెట్టాక, సించ్ బిగించే ముందు, ఫోర్క్ కింద వేలు దూర్చి ప్యాడ్‌ను గల్లెట్‌లోకి పైకి లాగండి. ఈ ఒక్క పని మరిచిపోతే ప్యాడ్ మూపు మీద డోలు చర్మంలా బిగుసుకుంటుంది.

ప్రశ్న: కొమ్ము లేని ఇంగ్లిష్ జీనులో నాకు 17 అంగుళాల సీటు సరిపోతుంది. వెస్టర్న్‌లో ఎంత తీసుకోవాలి? ఇంకో మాట, వెస్టర్న్ జీను మీద గంట కూర్చుంటే మోకాళ్ళు పీకుతున్నాయి.

జవాబు: సుమారు రెండంగుళాలు తగ్గించుకోండి, అంటే 15. రెండు జీనులనూ వేర్వేరు చోట్ల కొలుస్తారు కాబట్టి ఈ తేడా. వెస్టర్న్ సీటును ఫోర్క్ వెనక అంచు మధ్య నుంచి క్యాంటిల్ పై అంచు మధ్య దాకా సూటిగా కొలుస్తారు. పిల్లలకు 12, 13. సన్నని పెద్దవాళ్ళకు 14. మధ్యస్థంగా ఉన్నవాళ్ళకు 15. భారీగా ఉన్నవాళ్ళకు 16, 17. అర అంగుళం తేడాతో కూడా దొరుకుతాయి. ఫోర్క్ పక్కలకు ఎంత ఉబ్బి ఉంది, సీటు ఎంత లోతు, క్యాంటిల్ ఎంత వాలు అన్నదాన్ని బట్టి ఒకే 15 అంగుళాల సీటు ఒకచోట ఇరుకుగా, ఇంకోచోట వదులుగా అనిపిస్తుంది. కాబట్టి ఎక్కి చూడాల్సిందే. కాళ్ళు రికాబుల్లో పెట్టి కూర్చున్నప్పుడు తొడకూ ఫోర్క్‌కూ మధ్య నాలుగు వేళ్ళు అడ్డంగా పట్టాలి. వెనక క్యాంటిల్ ఆసరాగా ఉండాలే గానీ పిరుదులను నెట్టకూడదు. మరీ పెద్ద సీటు సుఖమనుకుంటారు చాలామంది. అందులో మనిషి జారి క్యాంటిల్ మీదికి చేరతాడు, బరువంతా గుర్రం నడుము మీద పడుతుంది.

మోకాళ్ళ నొప్పికి ముందు రికాబు పొడవు చూడండి. కాళ్ళు వదులుగా వేలాడేసినప్పుడు రికాబు అడుగు చీలమండ ఎముక దగ్గర ఉండాలి. రికాబుల మీద నిలబడితే సీటుకూ మీకూ మధ్య పిడికిలి పట్టేంత ఎత్తు రావాలి. పొడవు సరిగ్గానే ఉంటే నేరం ఫెండర్‌ది. కొత్త ఫెండర్ గుర్రం పక్కకు ఆని, రికాబు నోరు పక్కకు తిరిగి ఉంటుంది. మీరు పాదం పెట్టడానికి దాన్ని మెలిపెడతారు. అది సవారీ పొడవునా తిరిగి తన వాటానికి రావాలని చూస్తూ మోకాలిని తిప్పుతుంది. ఫెండర్ కింది భాగం, రికాబు తోలు నీటితో బాగా తడిపి, జీనును స్టాండు మీద పెట్టి, రెండు రికాబులనూ ముందుకు చూసేలా తిప్పి, వాటి గుండా ఒక గట్టి కర్ర దూర్చి, ఆరేదాకా వదిలేయండి. మధ్యలో కొంచెం బరువు వేలాడదీస్తే త్వరగా మాట వింటుంది. రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. ఎండలో పెట్టకండి, తోలు పగులుతుంది. ఆరాక తోలుకు నూనె పట్టించండి.

ప్రశ్న: నా బరువు 78 కిలోలు. గుర్రం పొట్టి వీపు అరబ్. పెద్ద సీటు, పెద్ద జీను వేస్తే గుర్రం మోయగలదా?

జవాబు: రెండు లెక్కలు వేయాలి. మొదటిది బరువు. రౌతు, జీను, ప్యాడ్, సంచులు అన్నీ కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదన్నది పాటించదగ్గ హద్దు. 2008లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో ఎనిమిది గుర్రాల మీద 15, 20, 25, 30 శాతం బరువులు మోయించి చూశారు. 25 దగ్గర కండరాల నొప్పి, బిగుసుకుపోవడం కనిపించాయి, 30 దగ్గర మరీ ఎక్కువ. తూకం యంత్రం లేకపోతే టేపు చాలు. మోచేతి వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు కొస నుంచి పిరుదు వెనక కొస దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో తీసుకోండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టు 180, పొడవు 165 అయితే 450 కిలోలు. అందులో 20 శాతం 90 కిలోలు. మీరు 78 కాబట్టి జీనుకూ ప్యాడ్‌కూ కలిపి మిగిలేది 12. తాడు వేసి పశువులను పట్టేవాళ్ళు వాడే రోపింగ్ జీను ఒక్కటే 16 నుంచి 20 కిలోల దాకా తూగుతుంది, అది మీ లెక్కలో పట్టదు. మామూలు దారి సవారీలకు వాడే తేలికపాటి ట్రయిల్ జీను చూసుకోవాలి.

రెండోది పొడవు. డొక్కలో చివరి పక్కటెముక వెనక అంచు పట్టుకుని, దాని వంపు వెంట వేలితో పైకి వెళ్తూ వెన్నెముక చేరండి. సుద్దతో గీత పెట్టండి. బార్లు ఆ గీత దాటి నడుము మీద బరువు మోపకూడదు. అక్కడి నుంచి కింద పక్కటెముకల ఆసరా లేదు. స్కర్ట్ తోలు దాటినా నష్టం లేదు గానీ తుంటి ఎముకను పొడవకూడదు. అందుకే పొట్టి వీపులకు గుండ్రంగా కోసిన స్కర్ట్ నయం. 17 అంగుళాల సీటు కొంటే ఏమవుతుందంటే, చాలామంది తయారీదారులు కొన్ని సైజుల దాకా బార్ పొడవు అంతే ఉంచి క్యాంటిల్‌ను వెనక్కి జరుపుతారు. బార్ గీతకు ఇవతలే ఉన్నా మీరు దాని చివర కూర్చుంటారు. సీటు సైజు, బార్ పొడవు విడివిడిగా అడగండి.

ప్రశ్న: బారెల్ రేసింగ్ (పీపాల చుట్టూ మలుపులు తిరిగే పరుగు పందెం) జీను ఉంది. దాని మీదే పశువులకు తాడు వేయడం నేర్చుకోవచ్చా?

జవాబు: వద్దు. బారెల్ జీను హార్న్ పొడవుగా, సన్నగా ఉండేది మలుపులో చేత్తో పట్టుకోవడానికి. రోపింగ్ హార్న్ పొట్టిగా లావుగా ఉండేది తాడు చుట్టడానికి. తాడు చివర దూడ ఆగిన క్షణంలో ఆ లాగుడంతా హార్న్ మీద, అక్కడి నుంచి ఫోర్క్ మీద పడుతుంది. దానికి తగ్గట్టు కట్టని ట్రీ విరుగుతుంది. హార్న్‌కు తాడు చుట్టడాన్ని డాలీ అంటారు; ‘చుట్టు వెయ్యి’ అనే అర్థం వచ్చే స్పానిష్ మాట పశువుల కాపరుల నోట నలిగి అలా అయింది. మందలోంచి ఒక పశువును విడదీసే కటింగ్ పోటీల జీను సీటు చదునుగా, హార్న్ పొడవుగా ఉంటుంది. గుర్రాన్ని గిరగిరా తిప్పుతూ, జారుతూ ఆపుతూ చూపే రెయినింగ్ పోటీలో పగ్గాలు పట్టిన చేతికి అడ్డు రాకూడదని హార్న్ పొట్టి. ఏదో ఒక్కటే కొంటానంటే, అన్ని పనులూ కొంచెం కొంచెం చేసేవాళ్ళకు ట్రయిల్ జీనే మేలు, తాడు మాత్రం దాని మీద కట్టకండి.

ప్రశ్న: వెనక సించ్ అలంకారానికేనా? కొందరు బాగా వదులుగా వేలాడేస్తున్నారు.

జవాబు: అలా వేలాడేసే బదులు తీసి ఇంట్లో పెట్టడం మంచిది. ఈగను తోలడానికి గుర్రం పొట్ట కిందికి కాలు విసిరితే గిట్ట ఆ ఉచ్చులో ఇరుక్కుంటుంది, తర్వాత జరిగేది మీరు చూడకూడదు. వెనక సించ్ పని క్యాంటిల్ పైకి లేవకుండా పట్టి ఉంచడం. పొట్టను తాకుతూ ఉండాలి, బిగించకూడదు. ముందు సించ్‌కు చిన్న పట్టీతో పొట్ట మధ్యలో కలిపి ఉండాలి, లేకపోతే వెనక్కి జారి గజ్జలకు తగిలి గుర్రం ఎగురుతుంది.

కట్టేటప్పుడు ముందు సించ్ మొదట, తర్వాత వెనకది, చివర రొమ్ము పట్టీ. విప్పేటప్పుడు దీనికి సరిగ్గా తలకిందులు. ముందు సించ్ ముందే విప్పేసి వెనకది మరిచిపోతే, జీను జారి పొట్ట కిందికి వెళ్ళి వెనక సించ్ మీదే వేలాడుతుంది. ముందు సించ్‌ను ఒక్క లాగుడులో బిగించకండి. జీను వేయగానే జారకుండా ఆగేంత, పది అడుగులు నడిపించాక ఇంకొంచెం, ఎక్కే ముందు ఇంకొంచెం. పది నిమిషాల సవారీ తర్వాత దిగి మళ్ళీ చూడండి. బిగువును పక్కన చూడకండి, అక్కడ ఎప్పుడూ సందు కనిపిస్తుంది. ముందు కాళ్ళ మధ్య, రొమ్ము ఎముక మీద రెండు వేళ్ళు కాస్త కష్టంగా దూరితే సరిపోయింది.

ప్రశ్న: పాత జీను చూడబోతున్నాను. ట్రీ విరిగిందో లేదో తోలు విప్పకుండా తెలుసుకోవడం ఎలా?

జవాబు: జీను ముందు భాగాన్ని మీ తొడలకు ఆనించి, క్యాంటిల్‌ను రెండు చేతులతో పట్టుకుని హార్న్ వైపు గట్టిగా లాగండి. సీటు మధ్య మడత పడితే, మడతబందులా వంగితే బార్ విరిగింది. తర్వాత జీను బోర్లా వేసి, బార్ల ముందు కొసలను లోపలికి నొక్కండి, బయటికి లాగండి. ఫోర్క్ దగ్గర కదలిక, కిర్రుమన్న చప్పుడు రెండూ వస్తే అది విరిగింది. హార్న్‌ను పక్కలకు ఊపి చూడండి. ఫ్లెక్స్ ట్రీ అని అమ్మే జీనులు మాత్రం కొంత వంగడం సహజం. వాటిని ఈ పరీక్షతో తప్పుపట్టకండి, కానీ వంగినా రెండు పక్కలా ఒకేలా వంగాలి. విరిగిన ట్రీని అతికించి ఇస్తామన్నా తీసుకోకండి, ఎంత అందమైన పూల చెక్కడం ఉన్నా సరే.

ట్రీ బాగుంటే తోలు చూడండి. ఫెండర్ ఎత్తి, రికాబు తోలు బార్ మీదుగా వంగే చోట వేలితో వంచండి. అక్కడ సన్నని పగుళ్ళు గీతల్లా విచ్చుకుంటే మార్చాల్సిందే. సించ్ బిగించే లాటిగో తోలు పట్టీ రంధ్రాలు సాగి కోడిగుడ్డు ఆకారంలో ఉంటే అదీ మార్చాలి, కానీ అది చిన్న ఖర్చు, బేరానికి పనికొస్తుంది. కింది ఉన్ని ఒక పక్కే అరిగి ఉంటే జీను వంకరగా కూర్చునేదని గుర్తు. అలాంటప్పుడు జీనును బోర్లా వేసి వెనక నుంచి చూసి, రెండు బార్లూ ఒకే ఎత్తులో, గల్లెట్ సందు సూటిగా ఉన్నాయో లేదో సరిచూడండి.

ప్రశ్న: మూడేళ్ళ గుర్రం. కొలతలిచ్చి జీను చేయించాలనుకుంటున్నాం. తయారుచేసేవారు దూరంగా ఉంటారు, వీపు ఆకారం పంపమన్నారు. ఎలా తీయాలి?

జవాబు: మూడేళ్ళకు ఇప్పుడే చేయించకండి. ఐదారేళ్ళ దాకా ఎముకలు పెరుగుతూనే ఉంటాయి, పని మొదలయ్యాక కండ పట్టి వీపు ఇంకా మారుతుంది. అప్పటిదాకా కాస్త వెడల్పున్న పాత జీనుతో, షిమ్ ప్యాడ్‌తో నెట్టుకురండి. ప్రతి ఆర్నెల్లకు ఒకసారి అచ్చు తీసి దాచుకోండి, తేడా మీకే తెలుస్తుంది.

అచ్చు తీయడానికి వంచితే వంగి అలాగే నిలిచే కొలబద్ద, డ్రాయింగ్ వేసేవాళ్ళు వాడేది, రెండడుగుల పొడవుది కావాలి. మొదటి అచ్చు భుజపలక వెనక అంచుకు రెండు వేళ్ళ అవతల, మూపు మీదుగా అడ్డంగా. రెండోది వీపు పల్లం అడుగున. మూడోది చివరి పక్కటెముక గీత దగ్గర. నాలుగోది పొడవునా, వెన్నెముక మీద కాదు, దానికి మూడంగుళాలు పక్కన, బార్ కూర్చునే దారిలో. కొలబద్దను వీపుకు ఒత్తి, వంపు చెదరకుండా ఎత్తి, అట్ట మీద లోపలి అంచు వెంట గీయండి. ఏది ఎడమో ఏది కుడో, వెన్నెముక మధ్య బిందువు ఎక్కడో అప్పుడే రాయండి. తర్వాత రాద్దామనుకుంటే కలిసిపోతాయి. అట్టను గీత వెంట కత్తిరించి, మళ్ళీ గుర్రం మీద పెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. సందులోంచి వెలుగు కనిపిస్తే ఆ అచ్చు చించేసి మళ్ళీ తీయండి.

ఎడమ పక్క నుంచి, వెనక నుంచి తీసిన ఫొటోలు, గుర్రం బరువు, మీ బరువు, మీకు సరిపోయే సీటు కొలత, భుజపలక గుర్తు నుంచి పక్కటెముక గీత దాకా ఉన్న దూరం కూడా జతచేయండి.